లామీ 2000 నీలం ఎడిషన్: కొన్నాక, సిరా నింపాక

2019లో జర్మనీకి చెందిన లామీ కంపెనీ తన లామీ 2000 ఫౌంటెన్ పెన్నును ముదురు నీలం రంగులో, ప్రపంచం మొత్తానికీ కలిపి 1,919 మాత్రమే తయారుచేసి అమ్మకానికి పెట్టింది. సందర్భం జర్మనీలో కళలకూ డిజైన్‌కూ పేరుపడిన బౌహౌస్ కళాశాల శతవార్షికోత్సవం. వాల్టర్ గ్రోపియస్ ఆ కళాశాలను వైమార్ నగరంలో 1919లో ప్రారంభించాడు కాబట్టి పెన్నుల సంఖ్యను కూడా ఆ సంవత్సరం నుంచే తీసుకున్నారు. వాటిలో ఒకటి నా దగ్గరకు ఎలా వచ్చిందో, దాన్ని చూసిన సేకర్తలు ఏమన్నారో, నేను దానితో రాయడం మొదలుపెట్టాక వాళ్ల మాటలు ఎలా మారాయో ఇక్కడ చెబుతాను.

అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే నేను నలుపు లామీ 2000తో రాస్తున్నాను. ఈ పెన్ను మొదటిసారి 1966లో వచ్చింది. 1930లో హైడెల్‌బెర్గ్‌లో కంపెనీని స్థాపించిన జోసెఫ్ లామీ కుమారుడు మాన్‌ఫ్రెడ్ లామీ, తమ పెన్నులకు కొత్త రూపం కావాలని అనుకుని, అప్పటికే బ్రౌన్ కంపెనీలో షేవర్లకూ వంటింటి యంత్రాలకూ రూపకల్పన చేసి పేరు తెచ్చుకున్న గెర్డ్ ఆల్ఫ్రెడ్ ముల్లర్‌కు ఆ పని అప్పగించాడు. ముల్లర్ గీసిన పెన్నులో మెరిసే బంగారు పట్టీలు లేవు, చెక్కడాలు లేవు. మూత, ఒళ్లు రెండూ మాక్రోలాన్ అనే గట్టి పాలీకార్బొనేట్‌తో తయారవుతాయి. దాని మీద పొడవునా వెంట్రుక వాసి గీతలు ఉండటం వల్ల నిగనిగలాడకుండా మసక నలుపుగా కనిపిస్తుంది. వేళ్లు ఆనే చోట గరుకు పట్టించిన స్టీలు ఉంటుంది. పద్నాలుగు క్యారెట్ల బంగారు పాళీకి ప్లాటినం పూత వేసి, దాని ముక్కు మాత్రమే బయటికి కనిపించేలా లోపలికి దాచారు. సిరా పీల్చడానికి వెనక వైపు పిస్టన్ మర ఉంటుంది గానీ, అది తిరిగే చోట అతుకు ఎక్కడుందో వెలుతురులో తిప్పి చూస్తే తప్ప తెలియదు. అప్పుడు గీసిన ఆకారమే దాదాపు మార్పు లేకుండా ఇప్పటికీ తయారవుతోంది.

ఈ పెన్నుకు ఉన్న ఒక గుణాన్ని ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగిన చర్చలన్నీ చివరికి దాని దగ్గరకే వచ్చి ఆగాయి. మాక్రోలాన్ మీది ఆ మసకదనం వాడకంతో తగ్గుతుంది. బొటనవేలు ఆనే చోట, చొక్కా జేబులోకి పెట్టి తీసేటప్పుడు రాసుకునే చోట, మూత వెనక్కి తొడిగితే అది బిగిసే చోట, గీతలు అరిగి నునుపు తేలుతుంది. ఏళ్ల తరబడి వాడిన నలుపు లామీ 2000ను చూస్తే, దాని యజమాని దాన్ని ఎలా పట్టుకుంటాడో చెప్పవచ్చు. దీన్ని అరుగుదల అనేవాళ్లూ ఉన్నారు, పెన్ను పదునుపడటం అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో వర్గంలో ఉన్నాను.

నీలం ఎడిషన్ వార్త తెలిసినప్పుడు మా పరిచయస్తుల్లో, అంటే హైదరాబాద్‌లో అప్పుడప్పుడు కలుసుకుని పెన్నులు మార్చుకుని చూసుకునే కొద్దిమందిలో, ఒక్కరూ దాన్ని కంటితో చూడకముందే అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. పెన్నుల గురించి నాకు తెలిసినదాంట్లో చాలా భాగం నేర్పిన ఒక పెద్దాయన అసలు ఆ సందర్భాన్నే ఒప్పుకోలేదు. ఆయన వాదన వినదగ్గది. బౌహౌస్ వైమార్‌లో మొదలై, 1925లో డెసావుకు తరలి, చివరికి బెర్లిన్‌లో 1933లో మూతపడింది. ముల్లర్ పుట్టింది 1932లో. కళాశాల తలుపులు మూసేనాటికి పాలు తాగే పసివాడైన మనిషి గీసిన పెన్నును బౌహౌస్ వారసత్వం కింద జమకట్టడం ఏమిటని ఆయన ప్రశ్న. దానికి జవాబు లేకపోలేదు. బౌహౌస్‌లో చదువుకున్న మాక్స్ బిల్ యుద్ధానంతరం ఉల్మ్ నగరంలో డిజైన్ కళాశాల స్థాపించినవారిలో ఒకడు; ఆ కళాశాలలో బోధించిన హాన్స్ గుగెలోట్ బ్రౌన్ కంపెనీకి పనిచేశాడు; బ్రౌన్ వారి సిక్స్‌టాంట్ షేవర్‌ను గుగెలోట్, ముల్లర్ కలిసే రూపొందించారు. కాబట్టి గొలుసు ఉంది, కాకపోతే మధ్యలో రెండు మూడు కడియాలు ఉన్నాయి. పెద్దాయన ఇదంతా విని, "మేనమామ చుట్టరికం చెప్పి పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టుందండీ" అని నవ్వేశారు.

ఆయనకు ఇంకో అభ్యంతరం కూడా ఉండేది, నా దృష్టిలో అదే బలమైనది. 1883లో మొదలైన వాటర్‌మన్ తన నూరేళ్లకు ల మాన్ 100 అనే కొత్త పెన్నును తెచ్చింది. 1888లో పుట్టిన పార్కర్ తన నూరేళ్ల సందర్భంగా పాత డ్యూయోఫోల్డ్‌ను మళ్లీ రూపొందించి డ్యూయోఫోల్డ్ సెంటెనియల్ పేరుతో నిలబెట్టింది. వార్షికోత్సవం పేరుతో ఆ రెండు కంపెనీలూ అచ్చులు మార్చి, పాళీలు మార్చి ఏదో ఒకటి కొత్తగా చేశాయి. ఇక్కడ మాత్రం ప్లాస్టిక్‌లో కలిపే రంగు ఒక్కటే మారింది, ధర మాత్రం బాగా పెరిగింది. పైగా సంఖ్యకు ఒక కథ కట్టడం కూడా కొత్త సంగతి కాదు. మోంట్ బ్లాంక్ పెన్నుల కంపెనీ, తన పేరున్న శిఖరం ఎత్తుగా పాళీ మీద చెక్కే 4810 అంకెను తీసుకుని, పరిమిత ఎడిషన్లలో కొన్నింటిని 4,810 చొప్పున చేయడం సేకర్తలందరికీ తెలుసు. "సంవత్సరం పెద్దదైతే పెన్నులు ఎక్కువ, అంతేగా! ఎనిమిదో శతాబ్దంలో పెట్టిన కళాశాల అయితే ఏడెనిమిది వందలే చేసేవాళ్లు" అన్నారు ఆయన.

ఈ వాదనలన్నీ నాకు సబబుగానే అనిపించాయి. అయినా కొనాలని నిర్ణయించుకున్నాను. కారణం సాదాగా చెప్పవచ్చు: నాకు ఆ పెన్ను ఆకారం ఇష్టం, నీలం రంగు ఇష్టం, ఆ రెండూ కలిసి మళ్లీ దొరకకపోవచ్చు. బౌహౌస్ నూరేళ్లు నా నిర్ణయంలో పెద్దగా లేవు.

మా మేనల్లుడు అప్పట్లో మన్‌హైమ్‌లో చదువుకుంటున్నాడు. లామీ కంపెనీ ఉన్న హైడెల్‌బెర్గ్ అక్కడికి పక్కనే ఉన్న ఊరు. ఇక్కడికి పార్సిల్ తెప్పించుకుంటే సుంకంతో కలిపి ధర ఎక్కడికో పోతుంది కాబట్టి, సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మని వాడికి చెప్పాను. వాడు ఒక దుకాణంలో నీలం పెన్ను ఉందని కనుక్కుని, అక్కడి నుంచే ఫోన్ చేశాడు. మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మామయ్యా, పక్కనే నల్లది ఉంది. రెంటికీ రంగు తప్ప నాకేమీ తేడా కనిపించడం లేదు. నిజంగా ఇదే కావాలా?" అని. కావాలన్నాను. రెండో ప్రశ్న మాత్రం నేను ఊహించనిది. పాళీని సిరాలో ముంచి రాసి చూస్తారా, లేక పెట్టె తెరవకుండా ఇమ్మంటారా అని దుకాణదారు అడుగుతున్నాడట.

సేకరణ అలవాటు లేనివారికి ఇది ప్రశ్నలాగే అనిపించదు. కొనే పెన్నును రాసి చూడటం మన ఊళ్లలో అనాదిగా ఉన్న పద్ధతే. అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌కు వెళ్లినవాళ్లు కౌంటరు మీద కాగితం, సిరా బుడ్డి అడగకుండా బయటికి రారు. కానీ పరిమిత ఎడిషన్ల విషయంలో ఒక్కసారి సిరా తగిలిందంటే ఆ పెన్ను సేకర్తల లెక్కలో వేరే తరగతికి మారిపోతుంది. ఎంత కడిగినా పాళీ కింది నాలుకలో, సన్నని కాలువల్లో రంగు జాడ మిగులుతుంది, భూతద్దం పెట్టి చూసేవాడికి అది దొరుకుతుంది. మళ్లీ అమ్మే రోజు వస్తే, "ముంచిన పెన్ను" అనే మాట ధరను అక్కడికక్కడే కోసేస్తుంది. మరోవైపు, లామీ 2000 పాళీ విషయంలో రాసి చూడటం వల్ల ప్రయోజనం చాలా ఉంది. పాళీ ముక్కు కాగితాన్ని సరిగ్గా తాకే కోణం ఈ పెన్నులో కాస్త ఇరుకని వాడేవాళ్లందరూ అనేదే. ఏ రెండు పాళీలూ ఒకేలా రాయవు కాబట్టి నాలుగు చూసి ఒకటి ఎంచుకోవడం మేలు.

ముంచమనే చెప్పాను. సన్న పాళీవి ఎన్ని ఉంటే అన్నీ రాసి చూడమన్నాను, అదీ తెలుగులో. వాడు దుకాణంలో నిలబడి "లక్ష్మి", "రాష్ట్రం", "స్త్రీ" అని రాసి ఫొటోలు పంపాడు. ఆ మాటలు నేను చెప్పినవే. ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట గీత ఎంత లావుగా పడుతోందో, "క్ష్మి"లో కింది మెలికలు పూడుకుపోతున్నాయో విడివిడిగా నిలుస్తున్నాయో అక్కడే తెలుస్తుంది. యూరప్ సన్న పాళీ జపాన్ సన్న పాళీ కంటే లావుగా రాస్తుంది. రోమన్ లిపికి అది చాలు గానీ, ఒకే వరుసలో మూడంతస్తులు కట్టే మన లిపికి కొంచెం బొద్దు. ఫొటోల్లో ఒకదానిలో మెలికలు బాగా తేరుకుని కనిపించాయి. అదే తీసుకోమన్నాను. దుకాణదారు దాన్ని శుభ్రంగా కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి ఇచ్చాడట. రాసిన కాగితం ఉంచుకోవచ్చా అని కూడా అడిగాడట, ఆ లిపి ఏమిటో కనుక్కుని.

పెన్ను హైదరాబాద్ చేరాక మావాళ్ల దగ్గరకు తీసుకువెళ్లాను. అప్పటి స్పందనల్లో నన్ను ఆశ్చర్యపరచినది ఏమిటంటే, దూరం నుంచి గట్టిగా వాదించినవాళ్లు చేతిలోకి తీసుకోగానే మెత్తబడ్డారు. దూరం నుంచి మెచ్చుకున్నవాళ్లలో ఒకరిద్దరు నీరసపడ్డారు. రంగు వాళ్లు అనుకున్నంత నీలంగా లేదు. గది దీపాల కింద అది నలుపుకు దగ్గరగా ఉంటుంది, కిటికీ పక్కకు వెళితేనే నీలమని తెలుస్తుంది. పెద్దాయన దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని, మూత తీసి, పెట్టి, క్లిప్పును వేలితో లేపి చూశారు. ఆ క్లిప్పు ఒకే స్టీలు ముక్కతో చేసినది, లోపల స్ప్రింగు ఉంటుంది. మూత బిగించినప్పుడు దాన్ని పట్టి ఉంచేవి వేళ్లు పట్టే భాగం మీద ఇరుపక్కలా పొడుచుకు వచ్చిన రెండు చిన్న స్టీలు చెవులు; కొందరి వేళ్లకు అవి తగిలి చిరాకు పెడతాయి, నా వేళ్లకు అవి తెలియవు. ఆయన ఇవన్నీ చూసి, "కళాశాల సంగతి అలా ఉంచితే, నీలంలో ఇది బాగుందండీ" అన్నారు. అంతకు మించి ఆయన నోటి నుంచి పొగడ్త రావడం నేను చూడలేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కుర్రవాడు ఈ ఎడిషన్‌వి రెండు కొన్నాడు. ఒకటి రాయడానికి, రెండోది విప్పకుండా దాచడానికి. ఇది సేకర్తల్లో తరచూ కనిపించే అలవాటే, అతడు దానికి సంజాయిషీ చెప్పుకోవడానికి ప్రయత్నించలేదు కూడా. అయితే నేను అడిగితే తెలిసింది: రాయడానికని కొన్నదానిలో కూడా అతడు ఇంకా సిరా నింపలేదు. ఏ సిరా నింపాలో తేల్చుకోలేకపోతున్నాడట. నాది ముంచిన పెన్ను అని చెప్పగానే అతడు చేతిలోది వెంటనే బల్ల మీద పెట్టి, "అయితే అది అప్పుడే సెకండ్ హ్యాండ్ అయిపోయిందండీ" అన్నాడు. ఎగతాళిగా కాదు, జబ్బు చేసినవారిని పరామర్శించే గొంతుతో.

రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక మిత్రుడి స్పందన వేరు. ఆయన దగ్గర ఉన్నవన్నీ ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పెన్నులు, ఎక్కువ భాగం రత్నం వారివి. కోసూరి వెంకటరత్నం గారు 1930లలో స్వదేశీ స్ఫూర్తితో ప్రారంభించిన ఆ పనిని, ఆయన పంపిన పెన్నుతో రాసి చూసి మెచ్చుకుంటూ 1935లో గాంధీజీ రాసిన ఉత్తరాన్ని గోదావరి జిల్లాల్లో పెన్నులంటే ఇష్టమున్న ప్రతివారూ చెబుతారు. ఈయన కూడా చెప్పకుండా వదలలేదు. అక్కడ ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, లావూ పొడవూ కొనేవారి చేతిని బట్టి సరిచేస్తారు. "మా దగ్గర ప్రతి పెన్నూ ఒక్కటేనండి. దానికి నంబరు వెయ్యరు, అంతే తేడా" అన్నారాయన. లామీ 2000ను ఆయన చాలాసేపు తిప్పి చూశారు. ఒంటికీ పిస్టన్ మరకూ మధ్య అతుకు కోసం గోరుతో వెతికి, దొరక్క, చివరికి నన్నే అడిగారు. దొరికాక, ఇంత సన్నని అతుకు లేతు మీద చేయాలంటే ఎంత పని ఉంటుందో మిగతావాళ్లకు వివరించడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఎడిషన్ గురించి కాకుండా పెన్ను గురించి మాట్లాడింది ఆయన ఒక్కరే అని నాకు అనిపించింది.

సిరా నింపడం గురించి నాకు పెద్ద సంశయం లేదు గానీ, ఏ సిరా అన్నది మాత్రం ఆలోచించవలసి వచ్చింది. పిస్టన్ పెన్నును కార్ట్రిడ్జి పెన్నులా ముక్కలు విప్పి కుళాయి కింద కడగలేం. మర తిప్పుతూ నీళ్లు పీల్చి వదులుతూ ఉండాలి, ముదురు రంగులైతే ఎన్నిసార్లు వదిలినా ఇంకా లేత రంగు నీళ్లు వస్తూనే ఉంటాయి. లామీ 2000లో పట్టు భాగాన్ని మర తిప్పి విప్పవచ్చు గానీ, అలా విప్పితే మూతను పట్టే చెవులున్న ఆ సన్నని స్టీలు రింగు జారి కింద పడి, సింకు రంధ్రంలోకి పోయే ప్రమాదం ఉంది. విప్పేవాళ్లు కింద గుడ్డ పరుచుకోవడం మంచిది. మెరుపు రజను కలిపిన సిరాలు, ఎండితే కదలని సిరాలు దీనిలో పోయకూడదని అందరూ చెప్పేదే, నేనూ అదే చెబుతాను. తేలిగ్గా కడుక్కుపోయే మామూలు రాయల్ బ్లూ తీసుకున్నాను. సిరా ఎంత మిగిలిందో చూసేందుకు ఒంటి మీద సన్నని పారదర్శక చీలికలు ఉంటాయి. అది కిటికీ అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు, అంత నిరాడంబరంగా అమర్చారు.

తెలుగు రాయడంలో నా నలుపు పెన్నుతో నేర్చుకున్న ఒక ఉపాయం ఇక్కడా పనికొచ్చింది. మన అక్షరాలన్నీ దాదాపు గుండ్రాలే కాబట్టి, రాస్తూ రాస్తూ చేతిలో పెన్ను తెలియకుండానే కొద్దిగా తిరుగుతుంది. పాళీ ముక్కు గుండ్రంగా, ఉదారంగా ఉన్న పెన్నుల్లో దాని వల్ల నష్టం లేదు. లామీ 2000లో మాత్రం పెన్ను కొంచెం పక్కకు తిరిగిందంటే గీత పలచబడుతుంది, మరీ తిరిగితే తెగుతుంది. అందుకని మూతను వెనక్కి తొడిగి, క్లిప్పును పాళీకి సరిగ్గా వరుసలో ఉంచుతాను. అప్పుడు క్లిప్పు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోయలో ఒక వైపు ఆనుకుంటుంది, పెన్ను తిరిగితే చర్మానికి వెంటనే తెలుస్తుంది. అలా పట్టుకుంటే తలకట్టు దగ్గర మొదలై గుండ్రం తిరిగి ఒత్తులోకి దిగే గీత ఎక్కడా తెగకుండా వస్తుంది. "ఘ", "ఝ" లాంటి అక్షరాలకు కాస్త పెద్ద చేతిరాత అవసరమైంది. చిన్నగా రాస్తే లోపలి మెలికలు మూసుకుపోతున్నాయి. ఉత్తరాలకూ, డైరీకీ నాకు అది సరిపోతుంది. లెక్కల పుస్తకంలో ఇరుకు గళ్లలో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం జపాన్ పెన్నే తీస్తాను.

మూత వెనక్కి తొడుగుతానని చెప్పడమే మా సేకర్తల్లో రెండో విడత కలకలానికి కారణమైంది. ముంచడాన్ని వాళ్లు కష్టంగానైనా సహించారు. మూతను వెనక తొడిగితే ఒంటి మీద రింగులా గుర్తు పడుతుంది, అక్కడ మసకదనం పోతుంది. కొంతకాలానికి సరిగ్గా అలాగే జరిగింది. తరువాత బొటనవేలు ఆనే చోట, ఆ పైన క్లిప్పు కింద జేబు గుడ్డ రాసుకునే చోట కూడా నునుపు కనిపించసాగింది. నలుపు పెన్ను మీద ఈ నునుపు వచ్చినప్పుడు అది ఇంకా నలుపుగా కనిపిస్తుంది; నీలం మీద మాత్రం రంగు ఒక్కసారిగా లోతెక్కి, చుట్టూ ఉన్న మసక నీలం కంటే వేరుగా తేలుతుంది. నాకు ఇది నచ్చింది. కుర్రవాడికి అది చూడలేనంత కష్టంగా అనిపించిందని అతడే చెప్పాడు.

అతడితో ఆ రోజు జరిగిన సంభాషణ కాస్త ఘాటుగానే సాగింది. ఈ పెన్ను ఇన్నేళ్లుగా నిలబడటానికి కారణం వాడకంలో అది అందంగా మారడమే అయితే, దాని వార్షికోత్సవ ఎడిషన్‌ను పెట్టెలో దాచడం వల్ల ఆ పెన్ను అసలు గుణమే దానికి దక్కకుండా పోతుందని నేనన్నాను. అతడి జవాబు తీసిపారేయదగ్గది కాదు. 1,919లో ఎన్నో కొన్ని కొత్తవిగానే మిగిలి ఉండాలి కదా, ఇంకో యాభై ఏళ్ల తరువాత ఈ రంగు మొదట ఎలా ఉండేదో చూడాలనుకునేవాడికి నా పెన్ను పనికిరాదు, తనది పనికొస్తుంది అన్నాడు. 1940ల నాటి పెన్నులను ఈనాడు మనం అధ్యయనం చేయగలుగుతున్నామంటే, ఎవరో కొందరు వాటిని రాయకుండా సొరుగులో మరిచిపోవడం వల్లనే అని కూడా అన్నాడు. మరిచిపోవడమూ దాచడమూ ఒకటి కాదని నేను అన్నాను గానీ, ఆ మాట నాకే కొంచెం మొండివాదంలా వినిపించింది.

2021లో, పెన్ను పుట్టి యాభై అయిదేళ్లు నిండిన ఏడాది, లామీ గోధుమ రంగు ఎడిషన్‌ను 3,300 పెన్నులతో విడుదల చేసింది. దానికి వచ్చిన స్పందన చూస్తే సేకర్తల మనసు ఎలా పనిచేస్తుందో తేటపడుతుంది. నీలం దొరకనివాళ్లు ఎగబడ్డారు. నీలం కొన్నవాళ్లలో కొందరు, ఇలా రంగు తరువాత రంగు వస్తూ పోతే మొదటిదాని ప్రత్యేకత ఏం మిగులుతుందని నొచ్చుకున్నారు. మరికొందరు, సంఖ్య పెరిగింది కాబట్టి తమ నీలం విలువ ఇంకా పెరుగుతుందని సంతోషించారు. పెద్దాయన మాత్రం ఈసారి అభ్యంతరమే చెప్పలేదు. ఇది పెన్ను సొంత పుట్టినరోజు, ఇంకొకరి పండుగ అరువు తెచ్చుకోలేదు కాబట్టి న్యాయంగా ఉంది అన్నారు. అని, కొన్నారు కూడా. ఆయన పెన్నును నేను ఒక పేజీ రాసి చూశాను. గోధుమ రంగు వెచ్చగా ఉంది గానీ నాకు దాని మీద మోజు కలగలేదు. నా నలుపూ నీలమూ రెండూ రాస్తున్నాయి, మూడోదానికి చేతిలో చోటు లేదు.

2024లో లామీ కంపెనీని జపాన్‌కు చెందిన మిత్సుబిషి పెన్సిల్ కొన్నది. యూనీబాల్ పెన్నులు చేసే కంపెనీ అది. ఆ వార్తతో పాత ఎడిషన్ల మీద మళ్లీ ఆసక్తి పెరిగింది, కుటుంబం చేతిలో ఉన్న కాలం నాటి లామీలు అనే మాట సేకర్తల నోట వినిపించసాగింది. పెన్ను అదే, ఫ్యాక్టరీ అదే, యజమాని మాత్రమే మారాడని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. ఆ ఊపులోనే ఒక సేకర్త నా నీలం పెన్నును కొంటానని మిత్రుల ద్వారా కబురు పెట్టి, ఇంటికి వచ్చాడు. పెట్టె ఉందా అని మొదట అడిగాడు. ఉంది, లోపలి కాగితాలతో సహా ఉంది. అది చూసి మంచి ధరే చెప్పాడు, నేను పెట్టినదాని కంటే ఎక్కువ. తరువాత పెన్ను జేబులోంచి తీసి ఇచ్చాను.

అతడు దాన్ని దీపం కింద తిప్పి, వెనక వైపు మూత గుర్తును, బొటనవేలి దగ్గర తేలిన నునుపును చూశాడు. పాళీ మీద భూతద్దం పెట్టాడు. మర్యాద తెలిసిన మనిషి, పెన్నును తుడిచి నా చేతికి తిరిగి ఇచ్చి, మొదట చెప్పినదానిలో సగానికి కొంచెం తక్కువ చెప్పాడు. పెట్టె విడిగా అమ్ముతారా అని కూడా అడిగాడు. తన దగ్గర పెట్టె లేని నీలం పెన్ను ఒకటి ఉందట, సిరా తగలనిది. పెన్ను ఇవ్వనన్నాను. పెట్టె మాత్రం ఇచ్చేశాను, దాని ధర గురించి ఇద్దరం పెద్దగా బేరమాడలేదు.